అరకిలో విమానం

మీటరు పొడవు రెక్క. ముక్కున మోటారు, ప్రొపెల్లరు. లోపల బ్యాటరీ, స్పీడ్ కంట్రోలరు, రేడియో రిసీవరు, తోకను ఆడించే రెండు సర్వోలు, అంటే చిట్టి మోటార్లు. ఇవన్నీ కలిపి తూకం వేస్తే 450 గ్రాముల దగ్గర ఆగాలి. అందులో మోటారు, బ్యాటరీ, వైర్లు, ఎలక్ట్రానిక్స్ వాటా సుమారు 250 గ్రాములు. మిగిలిన 200 గ్రాముల్లోనే రెక్క, బాడీ, తోక, చక్రాలు, పైన కప్పే ఫిల్మ్, చివరికి జిగురు కూడా సర్దుకోవాలి. పైగా విమానం గట్టిగా మలుపు తిరిగినప్పుడో, డైవ్ నుంచి పైకి లేచినప్పుడో ఆ రెక్క మీద మొత్తం విమానం బరువుకు మూడు నాలుగింతల భారం పడుతుంది. అంటే కిలోన్నర, రెండు కిలోలు. చెక్క కిట్ కొని రేడియో కంట్రోల్ విమానం కట్టడమంటే చాలావరకు ఈ లెక్కతో కుస్తీ పట్టడమే.

ఎగరేయడం ఒక్కటే కావాలంటే ఫోమ్ విమానం కొనుక్కోవచ్చు. పెట్టె విప్పి నాలుగు స్క్రూలు బిగిస్తే సాయంత్రానికి మైదానంలో ఉంటారు. నేర్చుకునేవాళ్లకు అదే మంచిదని నేనూ చెప్తాను. కానీ ఫోమ్ రెక్కలో బలం ఎక్కడుందో బయటకు కనిపించదు. చెక్క కిట్‌లో ప్రతి పుల్లా ఎందుకుందో చేత్తో పట్టుకుని తెలుసుకోవచ్చు. ఏ పుల్ల ఎంత మోస్తుంది, ఏది తీసేస్తే రెక్క విరుగుతుంది అన్న ప్రశ్నలు కట్టేటప్పుడే ఎదురవుతాయి.

కిట్ పెట్టెలో లేజర్‌తో కోసిన పల్చటి చెక్క రేకులు, సన్నటి కర్రపుల్లలు, కొద్దిగా ప్లైవుడ్, అసలు సైజులో గీసిన ప్లాన్ షీటు ఉంటాయి. ఆ చెక్క బాల్సా. మధ్య, దక్షిణ అమెరికా అడవుల చెట్టు. ప్రపంచానికి ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది. మన పత్తి, బెండ, మందారం, బూరుగ చెట్టు ఉన్న కుటుంబమే దీనిదీ. బూరుగ కాయలాగే దీని కాయలోనూ దూది ఉంటుంది. మనవాళ్లు కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు తేలికని పొణికి కర్ర వాడుతున్నట్టే, విమానాల బొమ్మలకు ప్రపంచమంతా బాల్సా వాడుతుంది.

బాల్సా చాలా వేగంగా పెరుగుతుంది. పది ఏళ్లలోపే కొట్టడానికి సిద్ధమవుతుంది. ఆ తొందరలో దాని కణాలు పెద్దవిగా, గోడలు పల్చగా తయారవుతాయి. చెట్టు బతికున్నప్పుడు వాటి నిండా నీరుంటుంది. కోసి, వేడి గదుల్లో ఆరబెట్టాక నీరు పోయి గాలి మిగులుతుంది. ఏ చెక్కలోనైనా కణాల గోడ పదార్థం సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1500 కిలోలే. ఎండిన బాల్సా ఘనపు మీటరు సగటున 150 కిలోలు తూగుతుందంటే, అందులో పదింట తొమ్మిది వంతులు ఖాళీయే. టేకు అయితే 650 కిలోల దాకా ఉంటుంది.

తేలికగా ఉండటం మంచిదే, మరి గట్టిదనం సంగతేంటి? ఇక్కడ చాలామంది పొరపడతారు. ఒక రేకు ఎంత సులువుగా వంగుతుందన్నది అది ఏ పదార్థంతో చేసిందన్న దానితోపాటు, దాని మందం మీద మరింత గట్టిగా ఆధారపడుతుంది. మందం రెండింతలైతే వంగకుండా నిలిచే శక్తి ఎనిమిదింతలవుతుంది. మూడు మిల్లీమీటర్ల బాల్సా రేకు బరువుకే అల్యూమినియం రేకు చేయమంటే, అది 0.17 మిల్లీమీటర్ల మందానికి మించదు. అల్యూమినియం పదార్థంగా బాల్సా కంటే ఎన్నో రెట్లు గట్టిదే. అయినా ఆ రేకు వేలితో తోస్తే మడత పడిపోతుంది. అంత బరువే ఉన్న బాల్సా రేకు, నార పొడవునా చూస్తే, దానికంటే వందల రెట్లు ఎక్కువగా వంపును తట్టుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ డి హావిలాండ్ కంపెనీ చేసిన మస్కీటో విమానం బాడీలో ఇదే సూత్రం పనిచేసింది. రెండు పల్చటి ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా పెట్టి అతికించారు. పై పొరలు లాగుడునీ నొక్కుడునీ భరిస్తే, వాటిని దూరంగా పట్టి ఉంచడం బాల్సా పని. 1940 నవంబరులో మొదటిసారి ఎగిరిన ఆ విమానం యుద్ధకాలంలో అత్యంత వేగవంతమైన వాటిలో ఒకటి.

అయితే బాల్సా అంతా ఒకటి కాదు. పది సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవు, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉన్న రేకులు రెండు తీసుకుంటే, ఒకటి 15 గ్రాములు, ఇంకోటి 30 గ్రాములు ఉండొచ్చు. చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. అందుకే కిట్ విప్పగానే వంటింటి డిజిటల్ తక్కెడ మీద ఒక్కో రేకూ పెట్టి చూసే అలవాటు మంచిది. బరువైన, గట్టి కర్ర రెక్క మధ్యభాగానికి. తేలికది తోకకు. దుంగను ఏ కోణంలో కోశారన్నదీ ముఖ్యమే. ఒక రకం కోతలో రేకు సులువుగా గుండ్రంగా వంగుతుంది, ముక్కు దగ్గర వంపుకు అది బాగుంటుంది. మరో రకంలో పైన చిన్న చిన్న మచ్చలు మెరుస్తాయి, ఆ రేకు అసలు వంగనంటుంది, బలవంతం చేస్తే చీలుతుంది. రెక్క ఆకారాన్ని నిలిపే అడ్డ రేకులకు, అంటే రిబ్బులకు, అదే కావాలి.

రెక్క కట్టడం తాపీగా సాగే పని. ప్లాన్ షీటును చదునైన బల్ల మీద పరచి, జిగురు అంటకుండా పైన పల్చటి పాలిథీన్ కప్పి, దాని మీదే పుల్లలను గుండుసూదులతో నిలబెడతారు. బల్ల వంకరైతే రెక్కా వంకరే. రెక్క పొడవునా పైన ఒకటి, కింద ఒకటి రెండు కర్రపుల్లలు వెళ్తాయి. వీటిని స్పార్లంటారు. విమానం ఎగిరేటప్పుడు రెక్క కొసలు పైకి వంగబోతాయి. అప్పుడు పై స్పారు నొక్కుకుపోతుంది, కింది స్పారు సాగుతుంది. బాల్సా సాగుడుకు బాగానే ఓర్చుకుంటుంది. నొక్కుడుకే పై స్పారు పక్కకు వంగి ఫట్‌మంటుంది.

దీనికి మందు ఇంకా లావు పుల్ల వాడటం కాదు. రెండు స్పార్ల మధ్య, రిబ్బుకీ రిబ్బుకీ నడుమ, చిన్న బాల్సా ముక్కలు అతికిస్తారు. ఇవే షియర్ వెబ్బులు. అన్నీ కలిపినా నాలుగైదు గ్రాములుండవు. కానీ అవి ఉన్న రెక్కకూ లేని రెక్కకూ పోలికే లేదు. రైలు పట్టాలోనూ, ఇనుప దూలంలోనూ పైనా కిందా వెడల్పు, మధ్యలో నిలువు రేకు ఎందుకుంటాయో ఇక్కడ వేళ్లకు తెలుస్తుంది. ఒక షరతుంది: వెబ్ ముక్క నార నిలువుగా ఉండాలి. అడ్డంగా పెడితే భారం పడగానే నార వెంట చీలిపోతుంది. కర్ర అదే, బరువు అదే, జిగురు అదే. తొంభై డిగ్రీలు తిప్పడంలోనే తేడా అంతా.

అస్థిపంజరం పూర్తయ్యాక రెండు కొసలూ పట్టుకుని మెలితిప్పి చూస్తే రెక్క మెత్తగా తిరిగిపోతుంది. ఇది కొత్తవాళ్లను భయపెట్టే ఘట్టం. కోళ్లూ పట్టెలూ బిగించినా ఊగుతుండే మంచం నవారు లాగి అల్లాక కదలకుండా నిలబడినట్టు, రెక్కకు బిగువు ఫిల్మ్ కప్పాకే వస్తుంది. ఒకప్పుడు పల్చటి టిష్యూ కాగితం అంటించి, దాని మీద డోప్ అనే వార్నిష్ లాంటి ద్రవం పూసేవాళ్లు, ఆరేకొద్దీ అది కాగితాన్ని బిగించేది. ఇప్పుడు వెనుక జిగురున్న పాలిస్టర్ ఫిల్మ్‌ను చిన్న ఇస్త్రీ పెట్టెతో అంచుల వెంట అంటించి, ఆపై వేడి చేస్తే ముడుచుకుని ముడతలు పోతాయి. మెలిక తిప్పే బలాన్ని ఆ ఫిల్మ్ వాలుగా సాగుతూ ఆపుతుంది. ఇదే అదనుగా రెక్క కొసల వెనుక అంచును మిల్లీమీటరో రెండో పైకి తిప్పి పట్టుకుని ఫిల్మ్‌ను వేడి చేస్తారు. ఎందుకంటే వేగం బాగా తగ్గినప్పుడు బాడీ పక్కనున్న రెక్క భాగం ముందుగా గాలి మీద పట్టు కోల్పోవాలి, కొసలు ఆ తర్వాత. కొస ముందు పోతే విమానం ఒక పక్కకు దొర్లి బొంగరమైపోతుంది.

ఇంతకీ గ్రాముల గోల ఎందుకు? రెక్క మీటరు పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు అనుకుందాం. 450 గ్రాముల విమానం గాల్లో నిలవడానికి కావలసిన కనీస వేగం గంటకు సుమారు 22 కిలోమీటర్లు. సైకిల్ వేగం. అదే విమానం 600 గ్రాములైతే 25 దాటాలి. 900 అయితే 31. తేడా చిన్నదనిపిస్తుంది గానీ, నేలను గుద్దుకునే శక్తి బరువుతోనూ, వేగం వర్గంతోనూ పెరుగుతుంది. బరువు రెట్టింపైతే ఢీకొట్టే శక్తి నాలుగింతలు. పైగా చిన్న రెక్కకు గాలి పెద్ద రెక్కకు ఉన్నంత అనుకూలంగా ఉండదు. రెక్క సైజు, వేగం, గాలి జిగట కలిపి చెప్పే రేనాల్డ్స్ సంఖ్య ఈ విమానానికి లక్ష దగ్గర ఉంటే, ప్రయాణికుల జెట్‌కు కోట్లలో ఉంటుంది. ఆ తక్కువ సంఖ్య దగ్గర గాలి రెక్క ఉపరితలాన్ని త్వరగా వదిలేస్తుంది. బోయింగ్ రెక్క ఆకారాన్ని కుదించి చిన్న మోడల్‌కు పెడితే బాగా పనిచేయకపోవడానికి అదొక కారణం.

అన్ని గ్రాములూ సమానం కావు కూడా. విమానం తూకం కుదిరే బిందువు, అంటే గరిమనాభి, రెక్క ముందంచు నుంచి వెడల్పులో నాలుగో వంతు, మూడో వంతు మధ్య ఉండాలి. అక్కడినుంచి తోక 50 సెంటీమీటర్లు, ముక్కు 20 సెంటీమీటర్లు ఉందనుకుంటే, తోకలో నాలుగు గ్రాముల జిగురు ఎక్కువైతే ముక్కులో పది గ్రాముల సీసం పెట్టాలి. జిగురు విషయంలో మన చేతులు ధారాళం. రెండు ముక్కలు సందు లేకుండా కూర్చుంటే చుక్క చాలు. సందును జిగురుతో నింపితే బరువు తప్ప బలం పెరగదు. ఫెవిక్విక్ రకం జిగురు గాలిలోని తేమ తగలగానే సెకన్లలో గట్టిపడుతుంది. కారిన జిగురును దూదితో తుడిస్తే మాత్రం వేడెక్కి పొగ వస్తుంది, వేళ్లు కాలతాయి. పిల్లలతో కలిసి కట్టేవాళ్లు మామూలు తెల్ల ఫెవికాల్ వాడటమే మేలు. ఆరడానికి రాత్రంతా పడుతుంది, పట్టు మాత్రం గట్టిది.

ఇలాంటి తొలి విమానాల్లో రెక్కకు ఎయిలరాన్లు, అంటే విమానాన్ని పక్కకు వాల్చే కదిలే రేకులు, ఉండవు. తోకలో ముక్కును పక్కకు తిప్పే రడ్డరు, పైకీ కిందికీ తిప్పే ఎలివేటరు, మోటారు వేగం, అంతే. మరి పక్కకు ఎలా వాలుతుంది? రెక్క రెండు భాగాలూ మధ్యలో కొద్దిగా వి ఆకారంలో పైకి లేచి ఉంటాయి. కుడివైపు రడ్డరు తిప్పితే ముక్కు కుడికి తిరుగుతుంది గానీ విమానం ఒక క్షణం పాత దిశలోనే పోతుంటుంది. అంటే గాలి కొంచెం ఎడమ పక్క నుంచి తగులుతుంది. వి ఆకారం వల్ల ఎడమ రెక్కకు ఆ గాలి ఎక్కువ కోణంలో తగిలి అది లేస్తుంది, కుడిది దిగుతుంది. రేడియో స్టిక్ వదిలేస్తే మళ్లీ నిటారవడానికీ ఇదే కారణం: ఒక పక్కకు వాలిన విమానం ఆ పక్కకే జారుతుంది, ఆ జారుడులో దిగువ రెక్కకు ఎక్కువ ఊతం దొరుకుతుంది. కిందికి దిగిన రెక్క నేలకు సమాంతరమై ఎక్కువ వెడల్పుతో గాలిని పడుతుందన్న వివరణ తరచూ వినిపిస్తుంది. అది సరైంది కాదు. పక్కకు జారడమే అసలు విషయం.

రేడియో సంగతి ఇప్పుడు చాలా తేలికైపోయింది. 1937లో అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు రేడియోతో మోడల్ విమానాన్ని నడిపారు. వాక్యూమ్ ట్యూబులు, వాటి బ్యాటరీలు మోయడానికి విమానమే పెద్దది కావలసివచ్చింది. ఈనాటి రిసీవరు పది గ్రాములు లేదు. చేతిలోని స్టిక్ కదలికను అది సర్వోకు ఒక చిన్న విద్యుత్ పల్సుగా పంపుతుంది, సెకనుకు 50 సార్లు. పల్సు 1.5 మిల్లీసెకన్లు ఉంటే సర్వో మధ్యలో నిలుస్తుంది, 1 అయితే ఒక చివరకు, 2 అయితే ఇంకో చివరకు. పాత సెట్లలో ఇద్దరు ఒకే చానెల్‌లో ఆన్ చేస్తే గాల్లో ఉన్న విమానం కూలేది. 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు చానెళ్లు మారుతూ తమ ట్రాన్స్‌మిటర్ మాటే వింటాయి కాబట్టి ఆ టెన్షన్ లేదు.

మొదటి ఫ్లైట్ టెన్షన్ మాత్రం ఎవరూ తీర్చలేరు. 2021 డ్రోన్ నియమాల తర్వాత ఎగరేసే ముందు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ ఆన్‌లైన్ మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోవాలి. విమానాశ్రయాలున్న ఊళ్లలో అనుమతి లేకుండా ఎగరేయకూడని ఎల్లో, రెడ్ జోన్లు మనం అనుకున్నదానికంటే దూరం విస్తరిస్తాయి. ఎండెక్కి నేల వేడెక్కితే గాలి ఎగసిపడుతుంది, తెల్లవారుజామున ప్రశాంతంగా ఉంటుంది. ముందు మోటారు ఆపి, గడ్డి మీద గాలికి ఎదురుగా, ముక్కు కొద్దిగా కిందికి, రెక్కలు సమతలంగా ఉంచి విసిరి చూస్తారు. నేరుగా జారి దిగితే సరే. ముక్కు పైకెత్తి ఆగి పడిపోతే తోక బరువు, నిట్టనిలువునా నేలకు దిగితే ముక్కు బరువు. బ్యాటరీని సెంటీమీటరు ముందుకో వెనక్కో జరిపితే చాలాసార్లు సరిపోతుంది, అందుకే దాన్ని వెల్క్రో పట్టీతో బిగిస్తారు. అప్పుడు మోటారు తిప్పి వదలాలి. ఎత్తుకు చేరేదాకా మలుపుల జోలికి పోకూడదు.