యాస అంటే కామెడీయేనేటి? అపోహలు - వాస్తవాలు

విశాఖలో నాటకాలకు, షార్ట్ ఫిల్ములకు కుర్రాళ్లతో డైలాగులు పలికించడం నా పని. ఈ మూడు మాటలూ వినని వారం ఉండదు.

అపోహ: ఉత్తరాంధ్ర యాస నవ్వించడానికే పనికొస్తుంది.

వాస్తవం: సినిమాల్లో దాన్ని ఎవరి నోట పెట్టారో చూడండి. హీరోది 'మంచి తెలుగు'. పనిమనిషి, వాచ్‌మన్ మాత్రం 'ఏటి బాబూ' అంటారు. 2020లో వచ్చిన 'పలాస 1978'లో కులం దెబ్బ తిన్నవాళ్లు ఇదే యాస మాట్లాడుతుంటే, నేను చూసిన ఆటలో ఎవరూ నవ్వలేదు.

అపోహ: సినిమా తెలుగు అందరి తెలుగు.

వాస్తవం: అది ఎక్కువగా కృష్ణా, గుంటూరు, గోదావరి వైపు చదువుకున్నవాళ్ల తెలుగు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో. 1892లో 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడింది విజయనగరంలో. జనం మాటకు గౌరవం తెచ్చిన నేల మాటకి చివరికి కామెడీ ట్రాక్ మిగిలింది.

అపోహ: ఫోన్లు పట్టుకుని పిల్లలు యాస మర్చిపోతున్నారు.

వాస్తవం: మాన్పించింది మనమే. పోయిన నెల రిహార్సల్లో గాజువాక అమ్మాయి ఫోన్ మోగింది. పొరపాటున స్పీకర్ ఆన్ అయింది. "ఏటే గుంటా, అన్నం తినీసినావేటి?" అని నాయనమ్మ గొంతు. ఆ పిల్ల ఫోన్ పట్టుకుని మెట్ల మీదకు పరుగెత్తి గుసగుసగా మాట్లాడింది. చిన్నప్పుడు 'ఏటి' అన్నప్పుడల్లా వాళ్లమ్మ 'ఏమిటి' అని దిద్దేదట. బడిలో, పెళ్లిచూపుల్లో పిల్ల చులకన కాకూడదని ఆవిడ టెన్షన్. తప్పు పట్టలేను, మావాడి విషయంలో నేనూ అదే చేశాను.

అదే అమ్మాయి రీల్స్ చూడండి, నాయనమ్మ మాటలతో దంచేస్తుంది. దుబాయ్‌లో ఉన్నవాళ్లు కూడా 'మా ఊరి మాట' అని కింద రాస్తుంటారు. కాకపోతే ఒక మెలిక ఉంది. నేత చీర కట్టి ముసలమ్మ వేషం వేస్తేనే ఆమెకు యాస వస్తుంది. తన సంగతి చెప్పుకోవాలంటే మళ్లీ టీవీ తెలుగే.

అందుకే కొత్త నాటకంలో ఆమెకు లాయరు పాత్ర ఇచ్చి, వాదనంతా యాసలోనే చెప్పమన్నాను.

"కోర్టు సీన్లోనా? జనాలు నవ్వుతారేమో సార్" అంది. ఇంకా ఒప్పుకోలేదు.