ఒకరికి 'దొరికింది', ఇంకొకరు 'దోచుకున్నారు'

2005 ఆగస్టు 30న, అంటే కత్రినా తుపాను తీరం దాటిన మర్నాడు, యాహూ న్యూస్‌లో రెండు ఫొటోలు వచ్చాయి. రెండింట్లోనూ అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఉన్న న్యూ ఆర్లీన్స్ వీధులే, ఛాతీ లోతు నీళ్లే, చేతుల్లో తిండి సరుకులే. నల్లజాతి కుర్రాడి ఫొటో కింద కిరాణా షాపును 'లూటీ చేసి' వస్తున్నాడని రాశారు. తెల్లగా కనిపిస్తున్న ఇద్దరి ఫొటో కింద మాత్రం షాపు నుంచి బ్రెడ్డు, సోడా 'దొరికాక' నడిచి వస్తున్నారని ఉంది. మొదటిది అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) అనే వార్తా సంస్థ ఫొటో, రెండోది ఏఎఫ్‌పీ అనే ఫ్రెంచి వార్తా సంస్థ ద్వారా వచ్చింది. ఆ కుర్రాడు షాపులోకి వెళ్లి సరుకు తేవడం మా ఫొటోగ్రాఫర్ కళ్లారా చూశాడని ఏపీ చెప్పింది. సరుకు నీళ్లలో తేలుతుంటే వాళ్లు తీసుకున్నారని రెండో ఫొటో తీసినాయన చెప్పాడు. ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు. అయినా చాలామందికి ఆ వివరణ మింగుడుపడలేదు, ఎందుకో తెలియాలంటే అక్కడి పాత వరదల దాకా వెళ్లాలి.

1927లో మిసిసిపీ నది పొంగినప్పుడు న్యూ ఆర్లీన్స్ బ్యాంకర్లు, ఊరి పెద్దలు గవర్నర్‌ను ఒప్పించి, దిగువన కేర్నార్వన్ దగ్గర కరకట్టను డైనమైట్‌తో పేల్పించారు. ఊరు బతికింది, సెయింట్ బెర్నార్డ్, ప్లాక్‌మిన్స్ ప్రాంతాల పేదల ఇళ్లు మునిగాయి, ఇస్తామన్న పరిహారం చాలామందికి సరిగ్గా అందనే లేదు. ఎగువన మిసిసిపీ రాష్ట్రంలోని గ్రీన్‌విల్‌లో ఇంకా ఘోరం. వేల మంది నల్ల కూలీలను కరకట్ట మీదే శిబిరాల్లో ఉంచారు. తీసుకెళ్లడానికి స్టీమర్లు వచ్చినా వాళ్లను ఎక్కనివ్వలేదు, ఎందుకంటే కూలీలు ఒకసారి దాటిపోతే పత్తి చేలకు మళ్లీ ఎవరొస్తారని భూస్వాముల బెంగ. చుట్టూ నేషనల్ గార్డ్ సైనికుల కాపలా, ఒంటి మీద ట్యాగులు. షికాగో డిఫెండర్ లాంటి నల్లజాతి పత్రికలు దీని గురించి గట్టిగా రాశాయి. పెద్ద పత్రికలకేమో సహాయ కార్యక్రమాలు నడిపిన హెర్బర్ట్ హూవర్ హీరో, మరుసటి ఏడాది ఆయన అధ్యక్షుడిగా గెలిచాడు కూడా.

1965లో బెట్సీ తుపానుకి న్యూ ఆర్లీన్స్‌లోని లోయర్ నైన్త్ వార్డ్ మునిగింది. మళ్లీ కట్ట పేల్చేశారని అక్కడి నల్లజాతి వాళ్లు చాలామంది నమ్మారు. దానికి ఆధారం దొరకలేదు. కానీ 1927లో నిజంగానే పేల్చారు కదా, వాళ్ల అనుమానాన్ని పిచ్చి అని ఎలా అంటాం?

ఇక 2005కి వద్దాం. ఊళ్లో మూడింట రెండొంతుల మంది నల్లజాతి వాళ్లు, నాలుగో వంతు కంటే ఎక్కువ మంది పేదరికంలో ఉన్నారు, నాలుగో వంతు ఇళ్లలో కారు లేదు. ఊరు ఖాళీ చేయాలన్న ఆర్డర్ తుపానుకి ఒక్కరోజు ముందు వచ్చింది, అదీ నెలాఖరులో, చేతిలో డబ్బు ఆడని రోజుల్లో. టీవీలో మాత్రం 'వీళ్లెందుకు వెళ్లలేదు' అన్న ప్రశ్నే.

మీడియా మంచి చేయలేదని కాదు. కన్వెన్షన్ సెంటర్‌లో వేల మంది తిండీ నీళ్లూ లేకుండా ఉన్నారని టీవీలు గోల పెడుతుంటే, ఆ సంగతి తమకు ఇప్పుడే తెలిసిందని కేంద్ర విపత్తు సహాయ సంస్థ ఫెమా అధిపతి సెప్టెంబర్ 1న కెమెరా ముందే ఒప్పుకున్నాడు. కానీ అవే ఛానళ్లలో, జనం తలదాచుకున్న సూపర్‌డోమ్ స్టేడియంలో అత్యాచారాలు, హత్యలు, తుపాకుల గ్యాంగులు అంటూ పుకార్లు కూడా వచ్చాయి, వాటిని సాక్షాత్తూ మేయర్, పోలీస్ చీఫ్ ఓప్రా షోలో చెప్పారు. నెల తిరక్కముందే స్థానిక పత్రిక టైమ్స్-పికయూన్ ఆరా తీస్తే వాటిలో చాలా వాటికి ఆధారమే లేదని తేలింది. సూపర్‌డోమ్‌లో వందల శవాలుంటాయనుకుంటే ఆరు దొరికాయి, అందులో నాలుగు సహజ మరణాలు.

ఆ మాటలకు జనం కట్టిన మూల్యం చిన్నది కాదు. ఆగస్టు 31న మేయర్ సుమారు 1,500 మంది పోలీసులను రెస్క్యూ పని మాన్పించి లూటీల మీదకి పంపాడు, ఇళ్ల పైకప్పుల మీద మనుషులు ఇంకా చేతులు ఊపుతుండగానే. వస్తున్న సైనికులకు కాల్చి చంపడం తెలుసని లూసియానా గవర్నర్ బ్లాంకో బెదిరించింది. పక్క ఊరు గ్రెట్నా పోలీసులు వంతెన మీద నడిచి వస్తున్న వాళ్లను తుపాకులతో వెనక్కి పంపారు. సెప్టెంబర్ 4న డాంజిగర్ వంతెన మీద పోలీసులు ఆరుగురు నిరాయుధులను కాల్చారు, ఇద్దరు చనిపోయారు, ఆరుగురూ నల్లజాతి వాళ్లే. ఆ కేసు 2016 దాకా సాగింది.

కెమెరాలు సర్దుకుని వెళ్లాక జరిగిందాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఇళ్లు మళ్లీ కట్టుకోవడానికి లూసియానా పెట్టిన రోడ్ హోమ్ పథకంలో తుపానుకు ముందున్న ఇంటి విలువ, రిపేర్ ఖర్చు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని బట్టి సాయం లెక్కగట్టారు. ఒకే రకం ఇల్లు, ఒకే రకం నష్టం, అయినా నల్లజాతి పేటలో ఇంటి ధర తక్కువ కాబట్టి చేతికొచ్చేదీ తక్కువ. దాని మీద 2008లో కేసు వేస్తే 2011లో 62 మిలియన్ డాలర్లకు రాజీ కుదిరింది. అప్పటికే చాలామంది హ్యూస్టన్‌లోనో అట్లాంటాలోనో పిల్లల్ని బళ్లలో వేసుకుని అక్కడే ఉండిపోయారు.