చిటికెన వేలి వైపు నుంచి వచ్చే కబురు

పొదగేసిన కోడిగుడ్డులో మూడు రోజులు గడిచేసరికి పిండానికి రెండు పక్కలా మొగ్గలు లేస్తాయి. తల వైపున్న జత రెక్కలవుతుంది, తోక వైపున్న జత కాళ్లవుతుంది. అప్పటికి ఒక్కో మొగ్గ ఆవగింజంత. లోపల ఎముకా లేదు, కండా లేదు. పైన పల్చటి పొర, దాని కింద చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్న కణాలు. వాటిలో ఎవరు ఏ వేలు కావాలో చెప్పేది మొగ్గ వెనక అంచు, అంటే తోక వైపు అంచు. మన చేతిలో అయితే చిటికెన వేలి వైపు.

ఈ సంగతి 1968లో సాండర్స్, గాసెలింగ్ అనే శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ఆ అంచు కణాల గుంపును పోలరైజింగ్ జోన్ అంటారు. వాళ్ల ప్రయోగం ఇప్పటికీ చేస్తూనే ఉంటారు. గుడ్డును అడ్డంగా పడుకోబెట్టి 38 డిగ్రీల దగ్గర మూడు, మూడున్నర రోజులు పొదిగించాలి. సిరంజితో రెండు మూడు మిల్లీలీటర్ల తెల్లసొన లాగేస్తే పిండం పెంకు నుంచి కిందికి దిగుతుంది. అది చెయ్యకుండా పెంకు కోస్తే కత్తెర నేరుగా రక్తనాళాలకే తగులుతుంది. పైన చిన్న కిటికీ కోసి, ఒక పిండం రెక్క మొగ్గ వెనక అంచు నుంచి చిన్న ముక్క తీసి, ఇంకో పిండం రెక్క మొగ్గ ముందు అంచులో చీలిక చేసి దూరుస్తారు. జారిపోకుండా సన్నటి ప్లాటినం తీగతో గుచ్చి, కిటికీకి టేప్ అంటించి మళ్లీ ఇంక్యుబేటర్‌లో పెడతారు. పదో రోజున తీసి మృదులాస్థికి రంగు పట్టిస్తే వేళ్లు లెక్కకొస్తాయి.

కోడి రెక్కకు ఉండేవి మూడు వేళ్లు. పాత లెక్క ప్రకారం 2, 3, 4. ముక్క అతికిన రెక్కలో మాత్రం 4, 3, 2, 2, 3, 4 అని అద్దంలో చూసినట్టు ఆరు వస్తాయి. అతికించిన ముక్క తాను వేళ్లుగా మారలేదు, పక్కవాళ్లకు చెప్పి చేయించింది. ఎంత చెప్పిందన్నదీ ముఖ్యమే. 1981లో షెరిల్ టికిల్ అనే శాస్త్రవేత్త కణాలు లెక్కపెట్టి మరీ అతికించి చూశారు. కొన్ని పదుల కణాలకు అదనంగా వచ్చింది 2వ వేలు మాత్రమే, 4వ వేలు రావాలంటే వందకు పైనే కావాలి.

ఈ పని చెడేది ఎక్కువగా ఒకే చోట. మొగ్గ కొసన పైపొర మందమై గట్టులా ఉంటుంది. అతుకు ఆ గట్టు కిందే పడాలి, కాస్త దూరమైతే ఏమీ జరగదు. కింది కణాల్ని పెరిగే స్థితిలో ఉంచేది గట్టు విడిచే, ఎఫ్‌జీఎఫ్‌లనే పెరుగుదల ప్రోటీన్లే. గట్టును మొదట్లోనే కోసేస్తే రెక్క భుజం ఎముక దగ్గరే ఆగిపోతుందని సాండర్స్ 1948లోనే చూపించారు. గట్టు లేకపోతే వెనక అంచు కూడా మాట ఆపేస్తుంది, వెనక అంచు ఊరుకుంటే గట్టు కరిగిపోతుంది. ఒకరిని ఒకరు నిలబెట్టుకునే కాపురం అది.

వెనక అంచు పంపే కబురు ఏ ప్రోటీనో 1993లో తెలిసింది. పేరు సోనిక్ హెడ్జ్‌హాగ్. పండు ఈగలో ఈ జన్యువు చెడితే పిల్లపురుగు ఒళ్లంతా ముళ్లతో ముళ్లపందిలా ఉంటుంది కాబట్టి హెడ్జ్‌హాగ్ అన్నారు. సోనిక్ మాత్రం వీడియో గేమ్ నుంచి వచ్చి చేరింది. ఈ జన్యువు చెడి పిల్లలకొచ్చిన జబ్బు గురించి తల్లిదండ్రులకు చెప్పాల్సి వచ్చినప్పుడు ఈ పేరు డాక్టర్లకు ఇబ్బందే.

ఈ ప్రోటీన్ తయారవగానే తనను తానే రెండుగా కోసుకుంటుంది. పనికొచ్చే ముక్క చివర కొలెస్ట్రాల్ అంటుకుంటుంది. అందుకే అది నీళ్లలో ఉప్పులా కరిగి అంతటా పాకదు, పుట్టిన చోట చిక్కగా, దూరం వెళ్లే కొద్దీ పల్చగా ఉంటుంది. అందుకునే కణం పైపొరలో ప్యాచ్డ్ అనే ప్రోటీన్ ఉంటుంది. మామూలుగా దాని పని స్మూతెన్డ్ అనే ఇంకో ప్రోటీన్ గొంతు నొక్కి ఉంచడం. హెడ్జ్‌హాగ్ వచ్చి ప్యాచ్డ్‌ను పట్టుకుంటే స్మూతెన్డ్‌కు విడుదల, కబురు కేంద్రకం దాకా పోతుంది. అమెరికాలోని ఐడహో కొండల్లో ఒక మొక్కలో ఉండే సైక్లోపమిన్ అనే రసాయనం సరిగ్గా ఈ స్మూతెన్డ్‌నే అడ్డుకుంటుంది. చూలు కట్టిన 14వ రోజున ఆ మొక్క మేసిన గొర్రెకు ఒంటికన్ను పిల్ల పుడుతుంది. ముఖం రెండు పక్కలుగా విడిపోవడానికీ ఇదే ప్రోటీన్ కావాలి మరి.

మోతాదు ఒక్కటే కాదు, ఎంతసేపు తగిలిందన్నదీ లెక్కే. ఎలుక పాదంలో 5వ, 4వ వేళ్లు, 3వ వేలిలో కొంత భాగం ఒకప్పుడు ఈ ప్రోటీన్‌ను తామే తయారుచేసిన కణాల నుంచి వస్తాయి. 2వ వేలికి పక్క నుంచి చేరేదే ఆధారం. బొటనవేలికి అసలు అక్కర్లేదు. కాళ్లలో ఈ జన్యువు పని చెయ్యని ఎలుకకు వెనక పాదంలో మిగిలేది ఆ ఒక్క వేలే.

జన్యువు బాగానే ఉండి, స్విచ్ చెడే సందర్భాలూ ఉన్నాయి. కాళ్లూ చేతుల మొగ్గల్లో ఈ జన్యువును వెలిగించే స్విచ్ ఒక డీఎన్ఏ ముక్క, మనుషుల్లో అది జన్యువుకు దాదాపు 10 లక్షల డీఎన్ఏ అక్షరాల అవతల, వేరే జన్యువు మధ్యలో ఉంది. పేరు జడ్ఆర్ఎస్. అందులో ఒక్క అక్షరం మారినా ప్రోటీన్ ముందు అంచులో కూడా తయారు కావచ్చు, అంటే పుట్టుకతోనే అతుకు పెట్టినట్టు. అప్పుడు బొటనవేలి పక్కన ఇంకో వేలు మొలుస్తుంది, లేదా బొటనవేలికే రెండు ఎముకల బదులు మూడు వస్తాయి. ఆరో వేలు అదృష్టమని మనవాళ్లు అంటారు. అయితే చిటికెన వేలి పక్కన వచ్చే ఆరోదానికి కారణాలు సాధారణంగా వేరే ఉంటాయి.

పాముల్లో ఈ స్విచ్ శిథిలమైంది. 2016లో ఎలుక స్విచ్ తీసేసి కొండచిలువది పెట్టి చూశారు. పుట్టిన ఎలుకలకు కాళ్ల చోట చిన్న మొండి ముక్కలే ఉన్నాయి.