బ్యాటరీ గ్రిప్ కొనాలా, వద్దా: పెళ్లి ఫోటోగ్రాఫర్ల అపోహలు, వాస్తవాలు

విజయవాడ, గుంటూరు పరిసరాల్లో పెళ్లిళ్లు తీసేవారికి ముహూర్త సమయంలో కెమెరా ఆగిపోవడం కంటే పెద్ద భయం మరొకటి ఉండదు. వధూవరులు ఒకరి తలపై ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకునే ఆ కొద్ది క్షణాలు మళ్లీ రావు. పురోహితుడు మన కోసం ముహూర్తాన్ని ఆపడు. ఆ భయం వల్లనే కాబోలు, కొత్తగా ఈ పనిలోకి వచ్చిన కుర్రాళ్లు బాడీ, లెన్స్, ఫ్లాష్ కొన్న వెంటనే నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, గ్రిప్ కూడా తీసేసుకోమంటావా?" నేను ఈ వృత్తిలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. ఇప్పటి వరకు మూడు గ్రిప్పులు కొన్నాను, వాటిలో రెండింటిని అమ్మేశాను, ఒకదాన్ని ఇప్పటికీ ఇష్టంగా వాడుతున్నాను. ఆ అనుభవంతో, మనవాళ్ల మధ్య తిరిగే కొన్ని నమ్మకాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తాను.

అపోహ: గ్రిప్ వేస్తే కెమెరాకు రెట్టింపు శక్తి వస్తుంది.

వాస్తవం: గ్రిప్‌లో విద్యుత్తు ఏమీ ఉండదు. అది కెమెరా అడుగున తగిలించే, రెండు బ్యాటరీలు పట్టే ఒక పెట్టె, దానికి నిలువుగా పట్టుకున్నప్పుడు నొక్కే మరో షట్టర్ బటన్, అంతే. శక్తి అంతా మీరు అందులో పెట్టే బ్యాటరీలదే. ఆ రెండో బ్యాటరీని గ్రిప్‌లో పెట్టినా, చొక్కా జేబులో పెట్టుకున్నా ఇచ్చే ఫోటోల సంఖ్య ఒకటే. కాబట్టి గ్రిప్ మీకు మిగిల్చేది ఒక్క బ్యాటరీ మార్పు, అంటే సుమారు పది సెకన్లు. ఆ పది సెకన్లకు ఎంత ధర పెట్టవచ్చో మీ పనిని బట్టి మీరే నిర్ణయించుకోవాలి.

ఈ నమ్మకానికి ఒకప్పుడు ఆధారం లేకపోలేదు. 2013లో వచ్చిన మొదటి సోనీ ఏ7లో ఎన్‌పీ-ఎఫ్‌డబ్ల్యూ50 అనే 1020 ఎంఏహెచ్ చిన్న బ్యాటరీ ఉండేది. జపాన్ కెమెరా కంపెనీల సంఘం సీఐపీఏ నిర్దేశించిన పరీక్ష ప్రకారం దానికి ఒక చార్జికి 340 ఫోటోలే లెక్క. అలాంటి కెమెరాతో పెళ్లికి వెళ్లినవాడికి గ్రిప్ తప్పనిసరి అనిపించడం సహజం. కానీ 2018లో వచ్చిన ఏ7 త్రీకి 2280 ఎంఏహెచ్ సామర్థ్యమున్న ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 బ్యాటరీ వచ్చింది, అదే పరీక్షలో వెనుక తెర చూస్తూ తీస్తే 710 ఫోటోల వరకు లెక్క కట్టారు. కెనాన్ వాళ్ల ఎల్‌పీ-ఈ6 కూడా 1800 ఎంఏహెచ్ నుంచి ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్ వచ్చేసరికి 2130కి పెరిగింది. పైగా ఆ పరీక్షలో ఫోటోకూ ఫోటోకూ మధ్య ఎడం ఉంటుంది. మనం పెళ్లిలో వరుసగా నొక్కుతూ పోతాం కనుక అసలు పనిలో వచ్చే ఫోటోలు ఆ అంకె కంటే బాగా ఎక్కువే.

నా పద్ధతి చెబుతాను. చార్జి చేసిన బ్యాటరీలు ఎడమ జేబులో, వాడేసినవి కుడి జేబులో ఉంటాయి. కెనాన్ ఎల్‌పీ-ఈ6 బ్యాటరీ మూతకు బ్యాటరీ ఆకారంలో చిన్న రంధ్రం ఉంటుంది. మూతను ఒక వైపు తిప్పి పెడితే ఆ రంధ్రంలోంచి నీలం రంగు కనిపిస్తుంది, మరో వైపు పెడితే కనిపించదు. నీలం కనిపిస్తే నిండినది, లేకపోతే ఖాళీది అని ఒక నియమం పెట్టుకుంటే మండపం చీకట్లో కూడా తడబాటు ఉండదు. అన్నింటికంటే ముఖ్యమైనది, ముహూర్తానికి పావుగంట ముందు, గౌరీపూజ దగ్గర సందడి కొంచెం తగ్గినప్పుడు, ఎంత చార్జి మిగిలి ఉన్నా సరే కొత్త బ్యాటరీ వేసేస్తాను. ఈ అలవాటు చేసుకున్న తర్వాత ఏ పెళ్లిలోనూ తలంబ్రాల మధ్యలో నా కెమెరా ఆగలేదు. గ్రిప్ ఉన్నవాడు కూడా ఈ అలవాటు లేకపోతే రెండు బ్యాటరీలూ అయిపోయి చిక్కుకుంటాడు, అలాంటివాళ్లను నేను చూశాను.

అపోహ: గంటల తరబడి వీడియో తీసేవారికి గ్రిప్ తప్పనిసరి.

వాస్తవం: వీడియో మిత్రులకు నేను ఈ సలహా ఇవ్వను. పాత కెమెరాల్లో ఒక క్లిప్ 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోవడం బ్యాటరీ వల్ల జరిగేది కాదు, అది కెమెరాలోనే పెట్టిన పరిమితి. మే నెలలో మన ఎండకు బాడీ వేడెక్కి ఆగిపోవడాన్నీ గ్రిప్ నివారించదు, ఎందుకంటే వేడి పుట్టేది సెన్సారులో, ప్రాసెసరులో. కెనాన్ ఆర్5 మార్క్ 2 కోసం లోపల ఫ్యాన్ ఉన్న ప్రత్యేక గ్రిప్ వచ్చింది గానీ, అది వేరే వస్తువు, మామూలు బ్యాటరీ గ్రిప్‌తో దాన్ని కలపకూడదు. స్టాండు మీద కదలకుండా నిలబెట్టి తీసే కెమెరాకైతే యూఎస్‌బీ-సీ ద్వారా పనిచేస్తూనే కరెంటు తీసుకునే సౌకర్యం ఉందో లేదో చూడండి. ఉంటే పీడీ (పవర్ డెలివరీ) రకం పవర్ బ్యాంకు ఒకటి చాలు. గింబల్ (కుదుపు తెలియకుండా కెమెరాను పట్టి ఉంచే పరికరం) మీద తీసేవారికి గ్రిప్ అడ్డంకే అవుతుంది, ఎందుకంటే కెమెరా ఎత్తు పెరిగి బ్యాలెన్సు కుదరదు, షూట్ మధ్యలో దాన్ని విప్పుకుంటూ కూర్చోవాలి.

అపోహ: గ్రిప్ ఉంటే తీస్తూ తీస్తూనే బ్యాటరీ మార్చుకోవచ్చు.

వాస్తవం: చాలా గ్రిప్పుల్లో రెండు బ్యాటరీలూ ఒకే ట్రేలో ఉంటాయి. ట్రే లాగగానే రెండూ బయటికి వస్తాయి, కెమెరా ఆగిపోతుంది. కాబట్టి అప్పుడు కూడా మీరు ఆగవలసిందే.

అపోహ: గ్రిప్ వేస్తే సెకనుకు ఎక్కువ ఫోటోలు వస్తాయి.

వాస్తవం: ఇది నికాన్ వాడిన పెద్దల నుంచి మనకు వచ్చిన మాట, వారి కాలానికి అది నిజమే. 2008 నాటి డీ700 తనంత తానుగా సెకనుకు 5 ఫోటోలు తీసేది. ఎంబీ-డీ10 గ్రిప్ తగిలించి, అందులో పెద్ద ఈఎన్-ఈఎల్4ఏ బ్యాటరీ గానీ, ఎనిమిది పెన్సిల్ సెల్స్ గానీ వేస్తే 8కి పెరిగేది. 2017లో వచ్చిన డీ850 కూడా ఎంబీ-డీ18లో ఈఎన్-ఈఎల్18 తరగతి బ్యాటరీ వేస్తేనే 7 నుంచి 9కి వెళ్లేది. గమనించవలసింది ఏమిటంటే, ఆ వేగం గ్రిప్ ఇచ్చింది కాదు, ఎక్కువ వోల్టేజీ ఉన్న బ్యాటరీ ఇచ్చింది. అదే గ్రిప్‌లో మామూలు ఈఎన్-ఈఎల్15 వేస్తే వేగం మారేది కాదు. నేటి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల గ్రిప్పుల్లో సాధారణంగా బాడీలో వేసే బ్యాటరీలే వేస్తాం కనుక ఆ లాభం ఆశించకండి. కెనాన్ ఆర్5, ఆర్6 లాంటి వాటిలో చార్జి బాగా తగ్గినా, పాత ఎల్‌పీ-ఈ6 వేసినా మెకానికల్ షట్టర్ గరిష్ఠ వేగం తగ్గుతుంది; దానికి పరిష్కారం కొత్త రకం బ్యాటరీని నిండా చార్జి చేసి వేయడమే.

అపోహ: గ్రిప్ మీద ఉన్న రెండో షట్టర్ బటన్ అలంకారం మాత్రమే.

వాస్తవం: నా అభిప్రాయంలో గ్రిప్ కొనడానికి ఉన్న ఏకైక బలమైన కారణం ఆ బటనే, అందుకే దీని గురించి కొంచెం వివరంగా చెబుతాను.

రిసెప్షన్ స్టేజీ ముందు నిలబడి పనిచేసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. బంధువులు వరుసగా ఎక్కుతుంటారు, జంట వెనుక జంట, మూడు నాలుగు గంటల పాటు. గుంపులను అడ్డంగా తీస్తాం, ఆ వెంటనే పెళ్లికూతురిని ఒక్కదాన్నే నిలువుగా తీయవలసి వస్తుంది. గ్రిప్ లేని కెమెరాను నిలువుగా తిప్పితే కుడి మోచేయి తల ఎత్తుకు లేస్తుంది, మణికట్టు వెనక్కి వంగుతుంది, కెమెరా బరువంతా ఎడమ అరచేతి మీద పడుతుంది. అలా రెండు గంటలు గడిచాక భుజం లాగడం మొదలవుతుంది, చేయి వణుకుతుంది, మండపంలో వెలుతురు తక్కువై షట్టర్ వేగం తగ్గించినప్పుడు ఆ వణుకు ఫోటోలో కనిపిస్తుంది. గ్రిప్ ఉంటే రెండు మోచేతులూ పక్కటెముకలకు ఆని ఉంటాయి, కెమెరా అడ్డంగా పట్టుకున్నంత స్థిరంగా నిలుస్తుంది. లేచిన మోచేయి వెనుక కూర్చున్న పెద్దవాళ్లకు, పక్కన నిలబడిన వీడియో కెమెరాకు అడ్డం రాకపోవడం కూడా చిన్న విషయమేమీ కాదు.

అయితే మీ పనిలో నిలువు ఫోటోలు ఎన్ని అన్నది ఊహించుకోకుండా లెక్కపెట్టి తెలుసుకోండి. ఫోటోలు ఎంచి దిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్ వాడేవారు లైబ్రరీ ఫిల్టర్‌లో మెటాడేటా తెరిచి, ఒక వరుసలో యాస్పెక్ట్ రేషియో ఎంచుకుంటే నిలువువి ఎన్ని, అడ్డంవి ఎన్ని అన్నది అంకెలతో సహా కనిపిస్తుంది. నేను ఒక ముహూర్తం రాత్రికి, ఒక రిసెప్షన్‌కు విడివిడిగా చూసుకున్నాను. ముహూర్తం నాడు ఇచ్చిన 700 ఫోటోల్లో 150 మాత్రమే నిలువువి. రిసెప్షన్‌లో ఎంచిన 620లో 390 నిలువువి. అప్పటి నుంచి ముహూర్తానికి గ్రిప్ విప్పి వెళ్తున్నాను, రిసెప్షన్‌కు, ఓణీల ఫంక్షన్‌లో అమ్మాయి పోర్ట్రెయిట్లకు తగిలించుకుంటున్నాను. ఆల్బమ్ పేజీలు అడ్డంగా విశాలంగా ఉంటాయి కనుక అంతా అడ్డంగానే తీసేవారు మనలో చాలామంది ఉన్నారు. అలాంటివారికి మొత్తంలో మూడో వంతు కూడా నిలువు ఫోటోలు లేకపోతే గ్రిప్ డబ్బును మరో రెండు కంపెనీ బ్యాటరీలకు పెట్టమనే చెబుతాను.

ఇక్కడ ఒక హెచ్చరిక. ప్రతి గ్రిప్‌కూ ఆ బటన్ ఉంటుందనుకోవద్దు. నికాన్ జెడ్6, జెడ్7ల కోసం ఆ కంపెనీయే తెచ్చిన ఎంబీ-ఎన్10లో బ్యాటరీలకు చోటుంది గానీ షట్టర్ బటన్ గానీ, డయల్ గానీ లేవు. ఆ తర్వాత జెడ్6 టూ, జెడ్7 టూ కోసం వచ్చిన ఎంబీ-ఎన్11లోనే ఆ బటన్లు వచ్చాయి. ఫోకస్ పాయింటును కదిపే జాయ్‌స్టిక్ కూడా గ్రిప్ మీద ఉండాలి, లేకపోతే బొటనవేలు మళ్లీ పైకి పాకాలి, సుఖం సగమైపోతుంది. ఇంకో మాట: కెమెరా నిలువుగా తిరిగినప్పుడు పైనున్న ఫ్లాష్ పక్కకు వెళ్లి గోడ మీద ఒక వైపు నీడ వేస్తుంది. గ్రిప్ ఆ నీడను తీసేయలేదు, ఫ్లాష్ తలను తిప్పి పైకప్పుకు కొట్టే పని మీదే.

అపోహ: పెద్ద లెన్స్ వేసినప్పుడు గ్రిప్ ఉంటే బరువు తెలియదు.

వాస్తవం: బరువు పెరుగుతుంది, పట్టు మెరుగవుతుంది, ఈ రెండూ వేర్వేరు సంగతులు. కెనాన్ ఆర్6 బ్యాటరీ, కార్డుతో కలిపి 680 గ్రాములు. దానికి సుమారు 350 గ్రాముల బీజీ-ఆర్10 గ్రిప్, మరో 80 గ్రాముల బ్యాటరీ, 900 గ్రాముల 24-70 లెన్స్ కలిపితే రెండు కిలోలు, పైన ఫ్లాష్ అదనం. అర్ధరాత్రి ముహూర్తమైతే తెల్లవారేదాకా ఆ బరువు మెడకు వేలాడుతుంది. చిటికెన వేలు బాడీ కిందికి జారిపోవడమే మీ ఇబ్బంది అయితే, బ్యాటరీ లేకుండా అడుగున తగిలించే చిన్న పట్టు ముక్క, కెనాన్ ఆర్‌పీకి వచ్చిన ఈజీ-ఈ1 లాంటిది, తక్కువ ఖర్చుతో తక్కువ బరువుతో ఆ పని చేస్తుంది.

అపోహ: గ్రిప్ ఉన్న పెద్ద కెమెరా చూస్తేనే పెళ్లివారు గౌరవిస్తారు.

వాస్తవం: మిర్రర్‌లెస్‌కు మారిన కొత్తలో "కెమెరా ఇంత చిన్నదా బాబూ?" అని పెళ్లికూతురి తండ్రి అడిగిన మాట నేనూ విన్నాను, బాధపడ్డాను కూడా. ఆయనకు ఆల్బమ్ అందాక, అదే కుటుంబం రెండో అమ్మాయి పెళ్లికి నన్నే పిలిచింది. ఈ ఒక్క కారణానికి వేల రూపాయలు పెట్టవద్దని మా దగ్గర నేర్చుకునే పిల్లలకు గట్టిగా చెబుతాను.

అపోహ: కంపెనీ గ్రిప్, బయటి గ్రిప్ రెండూ ఒకటే.

వాస్తవం: నేను కొన్న మొదటి గ్రిప్ చవకది. కొన్న మూడో నెలలో గుంటూరులో ఒక పెళ్లిలో, తలంబ్రాలు మొదలైన క్షణంలో కెమెరాను అడ్డం నుంచి నిలువుకు తిప్పగానే తెర నల్లబడింది. అడ్డంగా తిప్పితే మళ్లీ వెలిగింది. గ్రిప్‌ను బాడీకి బిగించే చక్రం సగం చుట్టు వదులై, పైకి తిప్పినప్పుడల్లా లోపలి ఇత్తడి పిన్నులు ఒక నూలు దూరం జరుగుతున్నాయి. రెండో కెమెరా మెడలో ఉండబట్టి ఆ రోజు బయటపడ్డాను. అప్పటి నుంచి ఎంత మంచి గ్రిప్ అయినా ప్రతి అరగంటకు ఆ చక్రాన్ని వేలితో ఒకసారి తాకి చూస్తాను.

బయటి కంపెనీల గ్రిప్పులన్నీ చెడ్డవని నేను అనను. అయితే చాలా వాటికి చుట్టూ రబ్బరు సీలు ఉండదు; శ్రావణమాసం పెళ్లిళ్ల వానలో, దసరాకు ఇంద్రకీలాద్రి మెట్ల మీద చెమటలో అది తేడా చూపిస్తుంది. కొన్ని గ్రిప్పులు కెమెరా ఆపేసి ఉన్నా మెల్లగా బ్యాటరీని తాగేస్తాయి. దీన్ని పరీక్షించడం సులువు: నిండా చార్జి చేసిన రెండు బ్యాటరీలు వేసి, కెమెరా ఆపి, రెండు రోజులు అలమరలో ఉంచి శాతం చూడండి.

పాత గ్రిప్ కొనేవారు ముందుగా అది మీ మోడల్‌కే సరిపోతుందో లేదో చూసుకోవాలి. సోనీ ఏ7 త్రీకి వీజీ-సీ3ఈఎం, ఏ7 ఫోర్‌కు వీజీ-సీ4ఈఎం. ఒకదానిది మరొకదానికి పట్టదు, బాడీ మార్చిన రోజున గ్రిప్‌నూ మార్చవలసి వస్తుంది. కెనాన్ వాళ్లదైతే బాడీకి ఉండే బ్యాటరీ మూతను ఊడదీసి గ్రిప్‌లో ఉన్న గాడిలో దాచుకోవాలి, అది ఆ గాడిలో భద్రంగా ఉందో లేదో గమనించండి. మూత పోయిన కెమెరాను గ్రిప్ లేకుండా వాడలేం. పిన్నులు మెరుస్తున్నాయా, పచ్చగా చిలుం పట్టాయా చూడండి. నిలువు షట్టర్‌ను సగం నొక్కి ఫోకస్ పట్టించి, పూర్తిగా నొక్కి, కనీసం యాభై ఫోటోలు తీయండి, తీస్తూనే కెమెరాను నాలుగు వైపులా తిప్పండి. గ్రిప్ మీద ఉండే ఆన్-ఆఫ్ మీటను ఆపి, బటన్ నిజంగా పనిచేయడం మానిందో లేదో కూడా చూడాలి, ఎందుకంటే ఆ మీట పాడైన గ్రిప్ నడుముకు వేలాడినప్పుడల్లా పొట్టకు ఒత్తుకుని దానంతటదే ఫోటోలు తీస్తుంది. కొనడానికి ముందు వీలైతే అద్దెకు తెచ్చుకుని ఒక్క రిసెప్షన్ పూర్తిగా దానితో తీయండి, మర్నాడు పొద్దున లేచాక కుడి భుజం ఎలా ఉందో చూసుకుని అప్పుడు షాపుకు వెళ్లండి.