పాయింట్లతో హైదరాబాద్ టికెట్: ట్రాన్స్‌ఫర్ బటన్ నొక్కే ముందు వదిలించుకోవాల్సిన అపోహలు

డల్లాస్ దగ్గర ఉంటాను. తెలిసినవాళ్లకు, వాళ్ల ద్వారా వచ్చినవాళ్లకు క్రెడిట్ కార్డు పాయింట్లతో ఇండియా టికెట్లు వెతికిపెట్టడం కొన్నేళ్లుగా నా పని. దాదాపు అందరిదీ ఒకటే అవసరం. అమ్మానాన్నల్ని ఇక్కడికి రప్పించుకోవాలి, లేదంటే పిల్లలతో ఊరికి వెళ్లాలి. ఖాతాలో పాయింట్లు దండిగానే ఉంటాయి. వాటిని ఎయిర్‌లైన్ మైల్స్‌గా, అంటే ఎయిర్‌లైన్ తన ఖాతాలో లెక్కవేసే పాయింట్లుగా, మార్చి టికెట్ తీయాలి. ఆ మార్చడాన్నే ట్రాన్స్‌ఫర్ అంటారు. ఇబ్బంది పెట్టేది వాటి గురించి విన్న మాటలే.

అపోహ: పాయింట్లు ముందే మైల్స్‌గా మార్చుకుంటే, సీటు కనపడగానే బుక్ చేసేయొచ్చు.

ఎక్కువ నష్టం చేసేది ఇదే కాబట్టి దీనితోనే మొదలుపెడుతున్నాను. కార్డు ఇచ్చిన బ్యాంకు చేజ్ అయినా, అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) అయినా, క్యాపిటల్ వన్ అయినా, అక్కడినుంచి ఎయిర్‌లైన్ ఖాతాలోకి వెళ్లిన పాయింట్లు వెనక్కి రావు. కస్టమర్ కేర్‌ని ఎంత బతిమాలినా రావు. బ్యాంకులో ఉన్నంతవరకు వాటిని చాలా ఎయిర్‌లైన్లలో దేనికైనా పంపొచ్చు. ఒకసారి మార్చారంటే ఆ ఒక్క ఎయిర్‌లైన్‌కే కట్టుబడిపోతారు.

ఒక జంట బోనస్ ఆఫర్ మెయిల్ చూసి 1,80,000 పాయింట్లు మార్చేశారు. అమ్మానాన్నలకు జూలైలో రెండు టికెట్లు కావాలి. మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, ఆమె ల్యాప్‌టాప్ నావైపు తిప్పింది. జూన్ రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా క్యాలెండర్ అంతా బూడిద రంగు, అంటే మైల్స్‌తో కొనే సీట్లు లేవు. ఒక్క రోజు సీటు కనిపించింది, అదీ ఒకరికే. పెద్దవాళ్లని విడివిడిగా పంపలేరు కదా. చివరికి డబ్బు పెట్టి టికెట్లు కొన్నారు. ఆ మైల్స్ ఇంకా అక్కడే ఉన్నాయి.

నేను పాటించే వరస ఇది. ఎయిర్‌లైన్ ఖాతా తెరవడం ఉచితం, కాబట్టి ముందు అది తెరుస్తాను. కావలసిన తేదీకి, కావలసినంత మందికి సీట్లు ఉన్నాయో చూస్తాను. ప్యాసింజర్ వివరాలు అడిగే పేజీ దాకా వెళ్తాను. ఎందుకంటే వెతికినప్పుడు కనపడిన సీటు కొన్నిసార్లు అక్కడికి వెళ్లేసరికి మాయమవుతుంది. మైల్స్ ఎన్ని, ట్యాక్స్ ఎంత అన్నది రాసుకుని, అప్పుడు ట్రాన్స్‌ఫర్ చేస్తాను. చాలా ఎయిర్‌లైన్లకు నిమిషాల్లో చేరిపోతాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ లాంటి వాటికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. ఆ ఆలస్యంలో సీటు పోయే అవకాశం ఉందని ముందే తెలిసి దిగాలి.

వేసవి సెలవులకీ డిసెంబరుకీ వెళ్లేవాళ్లు ఇంకా ముందు మేలుకోవాలి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 355 రోజుల ముందే మైల్స్‌తో కొనే సీట్లు తెరుస్తుంది. స్కూల్ క్యాలెండర్ వచ్చాక చూద్దాం అనుకుంటే తక్కువ మైల్స్ సీట్లు అయిపోయి ఉంటాయి.

అపోహ: ఏ విమానం ఎక్కుతామో ఆ ఎయిర్‌లైన్ మైల్సే కావాలి.

అక్కర్లేదు. హైదరాబాద్ వెళ్లేవాళ్లకు బాగా పనికొచ్చే సంగతి ఇది. లుఫ్తాన్సాకి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్‌కు నేరుగా విమానం ఉంది. లుఫ్తాన్సా, ఎయిర్ ఇండియా, ఎయిర్ కెనడా, యునైటెడ్ నాలుగూ స్టార్ అలయన్స్ అనే ఎయిర్‌లైన్ల కూటమిలోనివే. కాబట్టి ఎయిర్ కెనడా వాళ్ల ఏరోప్లాన్ పాయింట్లతో లుఫ్తాన్సా సీటు కొనొచ్చు. చేజ్, అమెక్స్, క్యాపిటల్ వన్ మూడూ ఏరోప్లాన్‌కు 1:1 లెక్కన, అంటే పాయింటుకు పాయింటు, మారతాయి. అలాగే ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ రెండింటి మైల్స్ పేరూ ఏవియోస్. రెండు ఖాతాల్నీ లింక్ చేస్తే అటూ ఇటూ మార్చుకోవచ్చు.

అపోహ: అవార్డ్ టికెట్ (మైల్స్‌తో తీసిన టికెట్) అంటే ఫ్రీ టికెట్.

ట్యాక్సులు ఎటూ తప్పవు. వాటిపైన కొన్ని ఎయిర్‌లైన్లు సర్‌చార్జి (అదనపు చార్జి) వేస్తాయి, అది వందల డాలర్లు కావచ్చు. అదే లుఫ్తాన్సా సీటును వాళ్ల సొంత మైల్స్‌తో కొంటే సర్‌చార్జి పడుతుంది. ఏరోప్లాన్ 2020 నవంబరు నుంచి దాన్ని తీసేసింది. పార్ట్‌నర్ టికెట్‌కు, అంటే లుఫ్తాన్సా లాంటి వేరే ఎయిర్‌లైన్ విమానంలో తీసిన టికెట్‌కు, 39 కెనడా డాలర్ల బుకింగ్ ఫీజు మాత్రం ఉంటుంది.

లాభమో కాదో తెలియాలంటే చిన్న లెక్క చాలు. టికెట్ ధర 1,100 డాలర్లు అనుకోండి. అవార్డ్ అయితే 45,000 మైల్స్, పైన 130 డాలర్లు. మిగిలింది 970 డాలర్లు. దాన్ని 45,000తో భాగిస్తే పాయింటుకు 2 సెంట్లకు పైనే వచ్చింది, కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. అదే టికెట్ 900 డాలర్లకే దొరుకుతూ, అవార్డ్ మీద 450 డాలర్లు కట్టాల్సివస్తే? పాయింటుకు సరిగ్గా 1 సెంటు. చేజ్‌లో పాయింట్లను క్యాష్‌గా తీసుకున్నా అంతే వస్తుంది. ఇలాంటప్పుడు పాయింట్లు దాచుకుని డబ్బుతో కొనమనే చెప్తాను.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల విషయంలో మాత్రం నేను ఈ లెక్క పక్కన పెడతాను. పడుకుని వచ్చే సీటు దొరికితే పాయింట్లు వాడేయండి.

అపోహ: పేరులో చిన్న తేడా ఉన్నా పర్లేదు.

మన పేర్లతో అసలు తిప్పలు ఇక్కడే. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. అలాంటివాళ్లకి అమెరికా వీసాలో మొదటి పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, కొన్నాళ్లకు అదే బ్యాంకు ఖాతాలోకీ ఎక్కుతుంది. కార్డు మీద ఒక పేరు, మైల్స్ ఖాతాలో ఇంకో పేరు ఉంటే ట్రాన్స్‌ఫర్ ఆగిపోవచ్చు, ఖాతానే ఆపేయొచ్చు. కొత్తలో నా ఖాతాకి ఇదే జరిగింది. పాస్‌పోర్టు కాపీ పంపి, మూడు వారాలు టెన్షన్ పడ్డాను. ఖాతా తెరుచుకునేసరికి సీటు లేదు. అప్పటినుంచి ఎవరొచ్చినా ముందు పాస్‌పోర్టు, కార్డు పక్కపక్కన పెట్టించి అక్షరం అక్షరం చూస్తాను.

ఇంకో మాట. అమ్మానాన్నల పేరున మైల్స్ ఖాతా అక్కర్లేదు. మీ ఖాతాలోంచే వాళ్లకు టికెట్ తీయొచ్చు, టికెట్ మీద పేరు వాళ్ల పాస్‌పోర్టులో ఉన్నట్టు ఉంటే చాలు. సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో అయితే వాళ్లను ముందుగా మీ ఖాతాలో నామినీలుగా (మీ మైల్స్‌తో టికెట్ తీయదగినవాళ్లుగా) చేర్చాలి, ఐదుగురి వరకే అనుమతి.

అపోహ: 1:1 అంటే ఎప్పటికీ 1:1.

ఎమిరేట్స్‌లో హైదరాబాద్ వెళ్లేవాళ్లకు ఇది అనుభవమే. 2025 సెప్టెంబరు నుంచి అమెక్స్‌లో 1,000 పాయింట్లకు 800 ఎమిరేట్స్ మైల్సే వస్తున్నాయి. అక్టోబరులో చేజ్ ఆ దారినే మూసేసింది. ప్రయాణం ఖాయమై, సీటు కళ్లెదుట ఉంటే రేపటికి వాయిదా వేయకండి.

అపోహ: అవార్డ్ టికెట్‌కు వీల్‌చెయిర్, వెజిటేరియన్ భోజనం ఇవ్వరు.

ఇస్తారు, మామూలు టికెట్‌కు ఇచ్చినట్టే. బుక్ అయిన రోజే రెండూ పెట్టించండి. బ్యాగేజీ ఎన్ని పెట్టెలో, ఒక్కోటి ఎన్ని కిలోలో టికెట్ మీదే రాసి ఉంటుంది.

అపోహ: క్యాన్సిల్ చేస్తే పాయింట్లు కార్డులోకి వస్తాయి.

ఎయిర్‌లైన్ ఖాతాలోకే వస్తాయి, బ్యాంకుకు కాదు. ఫీజు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. యునైటెడ్ మైల్స్‌తో తీసిన టికెట్‌ను విమానానికి ముందు రద్దు చేస్తే ఫీజు లేకుండా మైల్స్ తిరిగి వేస్తుంది. అమ్మానాన్నల వీసా ఇంకా చేతికి రాకపోతే ఇలాంటిదే చూసుకోండి.

రెండేళ్లలోపు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని వెళ్లేవాళ్లు ఇది అడగడం మర్చిపోతారు. ఇంటర్నేషనల్ ప్రయాణంలో కొన్ని ఎయిర్‌లైన్లు పాపకు ఆ క్లాసు క్యాష్ ధరలో 10 శాతం అడుగుతాయి. బిజినెస్ క్లాస్ 5,000 డాలర్లుంటే పాపకే 500. ఏరోప్లాన్‌లో 25 కెనడా డాలర్లు, లేదా 2,500 పాయింట్లు. ట్రాన్స్‌ఫర్ చేయకముందే ఈ ఖర్చూ లెక్కలో వేసుకోండి.