పాయికిలోథెర్మిక్: నోట్లో ఒకలా, అర్థంలో ఒకలా విరిగే మాట

శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను. సరీసృపాల పాఠంలో పాయికిలోథెర్మిక్ (పరిసరాలను బట్టి ఒంటి వేడి మారే) అనే ఈ ఇంగ్లిష్ విశేషణం రాగానే టెన్షన్ మొదలవుతుంది. దాని చుట్టూ అపోహలూ అన్నే ఉన్నాయి.

అపోహ: ఇందులో ఏడు సిలబుల్స్ (ఒక్కో అచ్చుతో పలికే ముక్కలు) ఉన్నాయి.
తెలుగులో రాసుకుని పా-యి-కి-లో-థె-ర్మి-క్ అని లెక్కపెడితే ఏడే వస్తాయి మరి! ఇంగ్లిష్‌లో లెక్కించాల్సింది పలికే అచ్చుల్ని. ‘పాయ్’ ఒకే సిలబుల్, చివరి ‘క్’కు సొంత అచ్చు లేదు. పాయ్-కి-లొ-థెర్-మిక్, మొత్తం అయిదు.

అపోహ: సిలబుల్ విరిగిన చోటే పదభాగమూ విరుగుతుంది.
ఎక్కువమంది పడేది ఇక్కడే. పదభాగాలు పాయికిలో, థెర్మ్, ఇక్. అంటే ‘మ’కారం పలికేటప్పుడు ‘మిక్’తో పోతుంది, అర్థం చెప్పేటప్పుడు ‘థెర్మ్’తో ఉంటుంది. గ్రీకులో పొయికిలోస్ అంటే రంగురంగుల, రకరకాల అని. థెర్మే అంటే వేడి. ‘ఇక్’ విశేషణ ప్రత్యయం. థెర్మే, మన ఘర్మం దాయాదులు. అలాగని గ్రీకులు సంస్కృతం నుంచి తీసుకున్నారనకండి, రెండూ ఒకే పాత మూలభాష నుంచి వచ్చాయి. ఘర్మజలం అంటే చెమటని తెలిసినవాళ్లకు థెర్మ్ ఇక మర్చిపోయే పని లేదు.

అపోహ: స్ట్రెస్ అంటే దీర్ఘం తీయడం.
కాదు, ఆ సిలబుల్‌ని మిగతావాటికన్నా గట్టిగా పలకడం. తెలుగులో దీనివల్ల అర్థం మారదు కాబట్టి మన చెవి పట్టించుకోదు. ‘ఇక్’తో ముగిసే మాటల్లో స్ట్రెస్ సాధారణంగా దాని ముందు సిలబుల్ మీద పడుతుంది. ఎక్టోథెర్మ్ (ఒంటి వేడికి ప్రధానంగా బయటి వేడి మీద ఆధారపడే జీవి) అనే మాటలో ‘ఎక్’ మీద ఉన్నది, ఎక్టోథెర్మిక్ అనగానే ‘థెర్’ మీదికి జరుగుతుంది. పాయికిలోథెర్మిక్‌లోనూ అక్కడే. (అరిథ్మెటిక్ లాంటి మొండిఘటాలు కొన్ని ఉన్నాయి, వాటిని వదిలేయండి.)

అపోహ: ఇది అరిస్టాటిల్ కాలపు మాట.
ముక్కలే పాతవి. 1847లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ బెర్గ్‌మన్ అతికించి వాడాడు.

అపోహ: దీని అర్థం ‘శీతలరక్త’.
మే నెలలో ఆమదాలవలస వైపు కంచెల మీద ఎండ కాగే తొండ రక్తం చల్లగా ఎలా ఉంటుంది? పరిసరాలను బట్టి ఒంటి వేడి మారుతుందని మాత్రమే ఈ మాట చెబుతుంది. ఎక్టోథెర్మిక్ చెప్పేది వేరు: ఒంటికి కావలసిన వేడి ప్రధానంగా బయటి నుంచి వస్తుందని. లోతు సముద్రంలో నీటి ఉష్ణోగ్రత దాదాపు మారదు కనుక అక్కడి చేప ఎక్టోథెర్మిక్ అయినా దాని ఒంటి వేడి పెద్దగా మారదు. రెండు మాటలూ ఒకటేనని రాస్తే నేనైతే సగం మార్కే వేస్తాను.