పులస పాట, పంత్ పాట

చిరంజీవులు బుజ్జికీ, చిన్నుకీ తాతయ్య ఆశీస్సులు.

గోదారికి ఎర్రనీరు తగిలింది. యానాంలో పులస చేపల వేలంపాట మొదలైందని తెలియగానే, చిన్నూ, నువ్వు ఫోనులో అడిగింది గుర్తొచ్చింది. "ఐపీఎల్ క్రికెట్ వేలంలో రిషబ్ పంత్‌కి 27 కోట్లు పోశారు కదా తాతయ్యా, మరి అతణ్ణి కొన్న లక్నో జట్టు 2025లో 7వ స్థానంలో ఎందుకు మిగిలింది?"

పులస సంగతి చెబితే అదీ తెలుస్తుంది. 2025కి ఆటగాళ్లను కొనుక్కోడానికి ప్రతి జట్టుకీ 120 కోట్లే. యజమాని ఎంత కలవాడైనా అంతకు మించి ఒక్క పైసా పెట్టకూడదు. ఒక్క చేపకే 27 పోయాక చింతపండు, నూనె, బెండకాయలు అన్నీ మిగిలిన 93లోనే సర్దుకోవాలి.

మా నాన్న ఓసారి రేవులో పంతానికి పాట పాడి పులస తెచ్చాడు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారుగా! తీరా చూస్తే ఇంట్లో నూనె లేదు. కొట్టులో అరువు పుట్టలేదు. అమ్మ దాకలో ఏదో నీళ్లపులుసు కాచింది. నాకు ముళ్లే గుర్తున్నాయి. గొప్పకు పోయి పాట పాడకూడదర్రా.

ఇంకోటి. పులస పులుసు వండిన పూట కంటే మర్నాడు బాగుంటుంది. ఐపీఎల్ మొదలైన 2008లో మన హైదరాబాదు జట్టు డెక్కన్ ఛార్జర్స్‌ను 10.7 కోట్ల డాలర్లకు కొన్నారు, అట్టడుగున మిగిలింది. అన్నిటికంటే చవగ్గా, 6.7 కోట్ల డాలర్లకు పోయిన రాజస్థాన్‌ని షేన్ వార్న్ గెలిపించాడు. మరుసటేడు గిల్‌క్రిస్ట్, రోహిత్, ఆర్పీ సింగ్, ఓఝా, ఆ పాతవాళ్లే దక్షిణాఫ్రికాలో మనకి కప్పు తెచ్చారు. చేప అదే, పులుసు ఊరింది.

అలాగని డబ్బుతో పనిలేదనుకునేరు. యజమానులు అప్పుల్లో పడి, ఆ కప్పు కొట్టిన డెక్కన్ ఛార్జర్స్ జట్టే 2012లో లేకుండా పోయింది. పొయ్యిలో కట్టె ఉండాలిగా! తర్వాత సన్ టీవీ వాళ్లు ఏడాదికి 85.05 కోట్ల లెక్కన హైదరాబాదు జట్టును పాడుకుని సన్‌రైజర్స్ అని పేరు పెట్టారు. 2016లో ఆ సన్‌రైజర్స్ కప్పు గెలిచింది.

పంత్ చేప కాదనుకోండి. 27 కోట్ల బరువు భుజాన పెట్టుకుని బ్యాటు పట్టినవాడికి ఎలా ఉంటుందో నా పులుసు చెప్పలేదు.

ఈసారి వేలంపాట నాడు కోట్లు పలికినవాళ్లను వదిలేయండి. కనీస ధరకు, 30 లక్షలకు పోయిన కుర్రాళ్ల పేర్లు ఓ పుస్తకంలో రాసుకోండి. ఎండాకాలం సెలవులకు వచ్చేటప్పుడు ఆ పుస్తకం పట్టుకురండి, అరుగు మీద కూర్చుని చూద్దాం.

మీ తాతయ్య